ఎక్కడ వెతికారు? హెల్త్ రీసెర్చ్‌లోకి తండాల, పేటల పిల్లల్ని తీసుకురావడం ఎలా

ఏటా అదే తంతు. పీహెచ్‌డీ అడ్మిషన్లు అయిపోయాక డిపార్ట్‌మెంట్ మీటింగులో ఎస్టీ సీటు ఎదురుగా 'నాట్ ఫౌండ్ సూటబుల్' (తగినవాళ్లు దొరకలేదు) అని రాసి, టీ తాగి, లేచి వెళ్లిపోతాం. ఆ కాగితం మీద నేనూ సంతకం పెట్టినదాన్నే, రెండుసార్లు. మూడోసారి పెట్టబోతుంటే పక్కనున్న సీనియర్ మేడం మెల్లగా అడిగారు, "అమ్మాయ్, దొరకలేదు అంటున్నావు సరే, ఎక్కడ వెతికావు?" అని. ఎక్కడా వెతకలేదు. వెబ్‌సైట్‌లో నోటిఫికేషన్ పెట్టాం, అది కూడా పీడీఎఫ్, ఫోన్లో సరిగ్గా తెరుచుకోదు.

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల మెడికల్ కాలేజీల్లోనో యూనివర్సిటీల్లోనో పనిచేస్తూ ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ), ఎమ్మెస్సీ, పీహెచ్‌డీలకు పిల్లల్ని తీసుకునే గైడ్ల కోసం, అంటే పరిశోధన చేయించే టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. నేను చేసి చూసినవే రాస్తున్నా, కొన్ని చేసి దెబ్బతిన్నవి కూడా. రిజర్వేషన్ సీటును కాపాడుతుంది గానీ, ఆ సీటు దాకా మనిషిని నడిపించుకు రావడం నోటిఫికేషన్ వల్ల అయ్యే పని కాదు, అది గైడు పని.

ఎందుకింత కష్టం అంటారా? సామాజిక న్యాయం అంటే చాలదా అని నేనైతే అంటాను, కానీ సైన్స్ పరంగా చెప్పమనేవాళ్లు ఉంటారు కాబట్టి ఒక సంగతి చెప్తాను. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు సంగతి తెలుసు కదా. ఆ వైపు ఒక తండాకు ఫారాలు పట్టుకుని వెళ్లాం. 'పెయిన్ కిల్లర్స్ వాడతారా?' అని ఒక ప్రశ్న. దాదాపు అందరూ లేదన్నారు, మేం టిక్కులు పెట్టుకుంటూ పోతున్నాం. మాతో వచ్చిన ఎమ్మెస్సీ అమ్మాయిది కూడా తండానే. ఫారం పక్కన పెట్టి ఒక పెద్దావిడ దగ్గర మంచం మీద కూర్చుని "యాడీ" (అమ్మా) అని వాళ్ల భాషలో మాట కలిపింది, ఆర్ఎంపీ దగ్గర ఒళ్లు నొప్పులకు తెచ్చుకునే బిళ్లల గురించి అడిగింది. అవా, అవి మిరపకోతల్లో రోజూ వేసుకుంటాం కదా, లేకపోతే నడుం లేస్తుందా అందావిడ. ఆ బిళ్లలు ఎక్కువగా వాడితే కిడ్నీలకు చేటని మా అందరికీ తెలుసు. ఎలా అడగాలో మాత్రం ఆ అమ్మాయికే తెలుసు. ఆ రోజు సాయంత్రం నింపిన ఫారాలన్నీ పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టాం.

ఇలా సరైన ప్రశ్న తట్టకపోవడం మన దగ్గరే ఉంది అనుకోకండి. కరోనా టైంలో అందరం వేలికి తగిలించుకున్న పల్స్ ఆక్సిమీటర్ గుర్తుందా? 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అమెరికా ఆసుపత్రుల లెక్కలు వచ్చాయి. రక్తంలో ఆక్సిజన్ పడిపోయినా 'బాగానే ఉంది' అని ఆ పరికరం చూపించడం తెల్లవాళ్లకంటే నల్లజాతి రోగుల్లో దాదాపు 3 రెట్లు ఎక్కువట. దశాబ్దాలుగా ప్రతి ఆసుపత్రిలో వాడుతున్న వస్తువు అది. అక్కడ దీన్ని జాతి, ఒంటిరంగు లెక్కన మాట్లాడతారు, మన దగ్గర కులం, తెగ, మతం, భాష. ఎవరి ఒంటి గురించి, ఎవరి ఇంటి గురించి పరిశోధన చేస్తున్నామో వాళ్ల పిల్లలు ఆ గదిలో లేకపోతే కొన్ని ప్రశ్నలు ఎవరికీ తట్టవు.

ముందు మీ లెక్క తీయండి

గత పదేళ్లలో మీ డిపార్ట్‌మెంట్‌లో చేరినవాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాయండి. చేరినవాళ్లు ఎందరు, పూర్తి చేసినవాళ్లు ఎందరు, మధ్యలో ఆపేసినవాళ్లు ఎందరు. 'ఎస్సీలు ముగ్గురున్నారు' అని అక్కడితో ఆగొద్దు. 2025లో మన రాష్ట్రం ఎస్సీల 15 శాతాన్ని మూడు గ్రూపులుగా విడదీసింది కదా, రెల్లి గ్రూపుకు 1, మాదిగ గ్రూపుకు 6.5, మాల గ్రూపుకు 7.5 శాతం. ఆ కళ్లతో మీ జాబితా మళ్లీ చూడండి. విజయవాడ వీధులు ఊడ్చే రెల్లి కుటుంబాల నుంచి ఒక్కరైనా వచ్చారా? ఎస్టీల్లో ఒక్క యానాది పిల్లాడు, ఒక్క చెంచు పిల్ల? ముస్లిం అమ్మాయిలు? నేను మొదటిసారి లెక్క తీసినప్పుడు మా దగ్గర చివరి రెండు గళ్లూ సున్నా. గుంటూరులో పనిచేస్తూ ముస్లిం అమ్మాయి ఒక్కర్తీ లేకపోవడం ఏమిటో, అప్పటిదాకా నాకు తట్టనే లేదు, సిగ్గేసింది.

ఈ కాగితం నోటీసు బోర్డులో పెట్టొద్దు, ఎవరి పేరు పక్కనా కేటగిరీ రాసి తిప్పొద్దు. ఇది మీ కోసం.

తర్వాత బస్సెక్కండి

ఇదే అసలు పని, ఎక్కువ టైం పట్టేదీ ఇదే. తిరువూరు, మాచర్ల, వినుకొండ లాంటి చోట్ల డిగ్రీ కాలేజీలకు వెళ్లండి. ఫైనల్ ఇయర్ వాళ్ల దగ్గరికి కాదు, సెకండ్ ఇయర్ వాళ్ల దగ్గరికి. ఫైనల్ ఇయర్‌కి వచ్చేసరికి పిల్లలు అప్పటికే బీఈడీయో, కానిస్టేబుల్ కోచింగో, హైదరాబాద్‌లో ఫార్మా కంపెనీయో తేల్చుకుని ఉంటారు, వాళ్లను తిప్పడం కష్టం. పైగా 2020లో జీవో 77 వచ్చాక ప్రైవేటు కాలేజీల్లో పీజీకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోవడంతో 'డిగ్రీ తర్వాత చదువు మన వల్ల కాదు' అన్న మాట చాలా ఇళ్లలో పాతుకుపోయింది. యూనివర్సిటీ క్యాంపస్‌లో, గవర్నమెంట్ కాలేజీల్లో ఉన్న పీజీ సీట్ల గురించి విడిగా కూర్చోబెట్టి చెప్పాల్సిందే.

పవర్‌పాయింట్ తీసుకెళ్లకండి. ఆ వైపు నుంచే వచ్చి మీ దగ్గర చదువుతున్న పిల్లనో పిల్లాడినో తీసుకెళ్లండి, మీరు వెనక బెంచీలో కూర్చోండి. మైకు వాళ్లకివ్వండి. బోర్డు మీద రాయాల్సింది ఒకటే, ఫెలోషిప్ అంకె. పీహెచ్‌డీ మొదట్లో ఇచ్చే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్) అయితే 42,000, హెచ్ఆర్ఏ (ఇంటద్దె భత్యం) అదనం. ఎస్సీలకు, ఎస్టీలకు విడిగా నేషనల్ ఫెలోషిప్‌లు ఉన్నాయని, ఏటా ఎస్సీలకు 2,000, ఎస్టీలకు 750 ఇస్తారని ఆ క్లాసుల్లో తెలిసినవాళ్లు నాకు ఇంతవరకూ ఎక్కువమంది కనపడలేదు. పీహెచ్‌డీ అంటే సొంత డబ్బులు పెట్టుకుని జుట్టు నెరిసేదాకా చదివే చదువు అనుకుంటారు. అమ్మానాన్నలకైతే ఇంకా తేలిగ్గా చెప్పాలి, "చదువుకుంటూ ఉండగానే గవర్నమెంటు నెలనెలా డబ్బులిస్తుంది" అని. ఒక తండ్రి నన్ను మూడుసార్లు అడిగాడు, "అప్పు కాదు కదా మేడం, మళ్లీ కట్టక్కర్లేదు కదా" అని.

కాలేజీలొక్కటే కాదు. సోషల్ వెల్ఫేర్ హాస్టల్ వార్డెన్లతో పరిచయం పెంచుకోండి, ఎవరు బాగా చదువుతారో, ఎవరింట్లో పెళ్లి తొందర ఉందో వాళ్లకు తెలిసినంత ప్రిన్సిపాళ్లకు తెలియదు. పేటలో చర్చి పాస్టర్‌గారు ఆదివారం ఆరాధన అయ్యాక రెండు నిమిషాలు ప్రకటన చేస్తే మన వెబ్‌సైట్ ఏడాదిలో చేయలేనిది అయిపోతుంది, మసీదు కమిటీ పెద్దలూ అంతే. ఇంకొకటి, బీఎస్సీ నర్సింగ్ చేసి పీహెచ్‌సీలో పనిచేస్తున్న అమ్మాయిలు, ల్యాబ్ టెక్నీషియన్లు, వీళ్లు రీసెర్చ్‌కి పనికొస్తారని మనకు తోచదు, వాళ్లకూ తోచదు. నా దగ్గర ఫీల్డ్ వర్క్ అందరికంటే చక్కగా చేసింది అంతకుముందు నాలుగేళ్లు స్టాఫ్ నర్సుగా చేసినమ్మాయి.

వచ్చిన ఆసక్తి చల్లారకముందే రెండు నెలలు డిపార్ట్‌మెంట్‌కి పిలిపించండి, ముగ్గురో నలుగురో. ఎంబీబీఎస్ వాళ్లకైతే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఎలాగూ ఉంది, మిగతావాళ్లకు ప్రాజెక్టులోంచి బస్సు చార్జీ, భోజనం, చేతిఖర్చు ఇవ్వండి. ఊరికే చేయించుకోకండి, ఊరికే చేయగలిగినవాళ్లు ఎలాగూ మీ దగ్గరికి వస్తూనే ఉన్నారు. ఇంకో మాట, మే నెలలో ఫీల్డ్ పెట్టకండి బాబూ, గుంటూరు ఎండకి ఆ పిల్లలు మళ్లీ మన మొహం చూడరు.

కాగితాల గొడవ

ఇక్కడ జారిపోయేవాళ్లు చాలామంది. పీహెచ్‌డీలో చేరడానికి మన స్టేట్ యూనివర్సిటీలకు ఏపీఆర్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష, మిగతా చోట్లకు యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్ష. 2024 నుంచి నెట్ స్కోరుతోనే పీహెచ్‌డీ అడ్మిషన్ ఇవ్వొచ్చు, జేఆర్ఎఫ్ రాకపోయినా 'పీహెచ్‌డీకి మాత్రమే' అనే మూడో కేటగిరీ ఉంది, కానీ ఆ మార్కులు ఏడాదే చెల్లుతాయి. సోషల్ మెడిసిన్ అండ్ కమ్యూనిటీ హెల్త్ అని ఒక సబ్జెక్టు ఉందని కూడా చెప్పండి. నెట్ ఫీజు ఎస్సీ, ఎస్టీలకు 325 రూపాయలు, అదేమంత కాదనిపిస్తుంది. దానికి ఇంటర్నెట్ సెంటర్ చార్జీ, పరీక్ష సెంటరుకు రానుపోను బస్సు, ఒక రోజు కూలి పోవడం కలపండి. ఒక ఆదివారం మీ ల్యాబ్ కంప్యూటర్లు తెరిచి అందరి అప్లికేషన్లూ అక్కడే నింపించేయండి, పని అయిపోతుంది.

సర్టిఫికెట్ల విషయం నెల ముందే చూడాలి. సచివాలయంలో ఇచ్చిన కుల ధ్రువపత్రం సెంట్రల్ సంస్థల్లో ఒప్పుకోకపోవచ్చు, వాళ్లకు సెంట్రల్ ఫార్మాట్ కావాలి, ముఖ్యంగా ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ పత్రం. అది తహశీల్దార్ ఆఫీసులో పట్టుకోవాలి. డిగ్రీ కాలేజీ ఫీజు బాకీ ఉందని ఒరిజినల్స్ ఇవ్వకపోతే, అలా ఆపకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. మీ లెటర్‌హెడ్ మీద ఆ సంగతి రాసి ప్రిన్సిపాల్‌కి పంపండి. పిల్లవాడు పదిసార్లు తిరిగినా కాని పని ఒక్క ఉత్తరంతో అయింది నాకు.

ప్రాజెక్టు పోస్టుల (రీసెర్చ్ ప్రాజెక్టుల్లో ఇచ్చే తాత్కాలిక ఉద్యోగాల) విషయంలో తప్పు మనదే. సోమవారం వెబ్‌సైట్‌లో పెట్టి గురువారం వాక్‌-ఇన్ ఇంటర్వ్యూ అంటే బొల్లాపల్లి నుంచి ఎవరొస్తారు? ఆ కారిడార్లో తిరిగేవాళ్లే వస్తారు. పదిహేను రోజుల గడువివ్వండి, పైన చెప్పిన లెక్చరర్లకు, వార్డెన్లకు వాట్సాప్‌లో పంపండి. ప్రాజెక్టు పోస్టు చిన్నది కాదు, మైనారిటీ పిల్లలకు ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ని 2022లో ఆపేశాక జేఆర్ఎఫ్ రాని ముస్లిం విద్యార్థికి చాలాసార్లు మిగిలే దారి అదొక్కటే.

ఇంటర్వ్యూలో నోరు అదుపులో పెట్టుకోండి

జేఆర్ఎఫ్ లేకుండా నెట్ స్కోరుతో వచ్చేవాళ్లకు రాతపరీక్షకు 70, ఇంటర్వ్యూకి 30 వెయిటేజి. ఆ 30లోనే మనం ముంచేది. "ఏ ఊరు? నాన్నగారేం చేస్తారు? ఇంటిపేరేంటి?" ఈ మూడూ అడిగాక ఇంక అడగడానికేం మిగలదు, అడిగినవాడికీ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు. అందరికీ ఒకే నాలుగు ప్రశ్నలు ముందే రాసుకోండి, ఎవరి మార్కులు వాళ్లు వేసి ఆ తర్వాతే మాట్లాడుకోండి. నేను చేసేదేంటంటే, ఒక పీహెచ్‌సీ నెలవారీ లెక్కల టేబుల్ ఒకటి చేతికిచ్చి పది నిమిషాలు చూడనిచ్చి "ఇందులో నీకు ఏం వింతగా ఉంది?" అని అడుగుతాను, తెలుగులో చెప్పమంటాను. ఇంగ్లీషు గడగడా మాట్లాడే కుర్రాళ్లు శాతాలు చదువుతారు. ఫీల్డ్ తెలిసిన పిల్ల "పండగ నెలలో కాన్పులు తగ్గాయి మేడం, పుట్టింటికి వెళ్లి ఉంటారు" అంటుంది. ఎవరిని తీసుకోవాలో మీకే తెలుస్తుంది.

యూజీసీ 2022 నిబంధనల్లో పీజీ మార్కుల్లో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 5 శాతం సడలింపు ఉంది, 55 బదులు 50. దాన్ని దానంలా మాట్లాడే బోర్డు మెంబరు ప్రతి చోటా ఒకరుంటారు. ఆయన్ని మార్చలేం, కానీ అభ్యర్థి ముందు ఆ మాట అననివ్వకుండా చైర్‌లో ఉన్నవాళ్లు ఆపొచ్చు.

మొదటి ఆరు నెలలు

ఫెలోషిప్ వచ్చిందంటే డబ్బు వచ్చిందని కాదు. జాయినింగ్ రిపోర్టు వెళ్లాలి, బ్యాంకు వివరాలు ఎక్కాలి, ఆపైన నెలనెలా మన వైపు నుంచి పోర్టల్లో కన్ఫర్మేషన్ ఇవ్వాలి. ఆ క్లర్కు సెలవులో ఉంటే ఆ నెల లేనట్టే. మన గుంటూరు కుర్రాడు రోహిత్ వేముల 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చనిపోయే నాటికి 7 నెలల ఫెలోషిప్ బాకీ ఉంది, అది ఇంటివాళ్లకు ఇప్పించమని రాసి వెళ్లాడు. ఆ తర్వాత కూడా ఏ స్కాలర్‌నైనా కదిపి చూడండి, ఫెలోషిప్ లేటు అన్న మాటే ముందొస్తుంది.

కాబట్టి చేరిన రోజే రెండు పనులు. ఒకటి, పోర్టల్ పని చేసే క్లర్కు ఎవరో, ఆయన లేనప్పుడు ఎవరో తెలుసుకుని ప్రతి నెలా ఒక తారీఖున మీరే గుర్తుచేయండి, స్కాలర్‌తో అడిగించకండి, అడిగే కొద్దీ ఆ పిల్ల చిన్నబోతుంది. రెండు, డబ్బు వచ్చేదాకా బతకడానికి ఏర్పాటు. మేం డిపార్ట్‌మెంట్ టీచర్లం తలా కొంచెం వేసి ఒక చిన్న నిధి పెట్టుకున్నాం, ఫెలోషిప్ పడ్డాక తిరిగి ఇస్తారు, ఇప్పటిదాకా ఎగ్గొట్టినవాళ్లు లేరు. హాస్టల్ మెస్ బిల్లుకు గడువు అడిగి రాయించండి. హాస్టల్ దొరక్కపోతే అదింకో తలనొప్పి, గుంటూరులో గది అద్దెకు వెళ్తే ఇంటావిడ మంచినీళ్లిచ్చి మరీ "మీరేమిట్లు?" అని కులం అడుగుతుంది. ఆ పిల్లను ఒక్కదాన్నే ఇళ్లు వెతుక్కోమని పంపకండి, తెలిసిన ఇల్లు మీరే చూడండి.

వీలుంటే ఒక్కర్ని కాకుండా ముగ్గుర్ని ఒకే ఏడు తీసుకోండి. 1988లో అమెరికాలో మేరీలాండ్ యూనివర్సిటీ బాల్టిమోర్ కౌంటీలో మేయర్‌హాఫ్ స్కాలర్స్ అని ఒకటి మొదలైంది, సైన్స్‌లో పీహెచ్‌డీ దాకా వెళ్లే నల్లజాతి విద్యార్థుల్ని పెంచడానికి. డిగ్రీలో చేరకముందే వేసవిలో అందర్నీ ఒకచోట పెట్టి చదివిస్తారు, తర్వాత కూడా గుంపుగానే ఉంచుతారు, ఒకరు వెనకబడితే పక్కవాళ్లు పట్టుకుంటారు. మన దగ్గర వేరే డిపార్ట్‌మెంట్ల స్కాలర్లను కలిపి శుక్రవారం మధ్యాహ్నం టిఫిన్ బాక్సులతో ఒక గదిలో కూర్చోబెట్టినా చాలు, మేం అదే చేశాం. గైడు కాని మరో టీచరు ఒకరు ప్రతి స్కాలర్‌కీ ఉండాలి, గైడు మీద చెప్పుకోవడానికి ఒక మనిషి కావాలి కదా. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులపై వివక్ష ఉందని థోరాట్ కమిటీ 2007లోనే రాసింది, మన డిపార్ట్‌మెంట్ అంతకంటే పవిత్రం అనుకోవడానికి నాకైతే కారణం కనపడదు.

రాత, పేరు

ఇంగ్లీషు రాయలేడు కాబట్టి పరిశోధనకు పనికిరాడు అనేది మనం కనిపెట్టిన అబద్ధం. వారానికి ఒక పేపర్ చదివించండి, ముందు తెలుగులో చెప్పించండి, అర్థమైందని తెలిశాక రాయించండి. రాతలో మెథడ్స్ భాగం ముందు, ఎందుకంటే తను చేసిన పనే రాస్తుంది, భయం పోతుంది. చెన్నై ఎన్ఐఈ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ) వాళ్ల హెల్త్ రీసెర్చ్ ఫండమెంటల్స్ కోర్సు ఆన్‌లైన్లో ఉచితం, మొదటి సెమిస్టర్‌లోనే చేయించండి. లెక్కలకు ఎపి ఇన్ఫో, ఆర్ రెండూ ఉచితమే, దొంగ సాఫ్ట్‌వేర్ అలవాటు చేయకండి.

పేపర్లో ఎవరి పేరు ఎక్కడో మొదటి నెలలోనే కాగితం మీద పెట్టండి. ఎండలో తిరిగి ఫారాలు నింపిన పిల్ల పేరు నాలుగోదై, ఫీల్డ్ మొహం చూడని పెద్దాయన పేరు మొదటిదవడం మన దగ్గర ఎంత మామూలో అందరికీ తెలుసు. నాకు జరిగింది కూడా, ఒక చోట. పదకొండేళ్లయినా ఆ పేపర్ నేను తెరవను.

అమ్మాయిలకు పీహెచ్‌డీ గడువులో రెండేళ్లు ఎక్కువ, 240 రోజుల దాకా ప్రసూతి సెలవు నిబంధనల్లోనే ఉన్నాయి. పెళ్లి కుదరగానే మానేస్తానని వచ్చిన పిల్లకు ఆ పేజీ ప్రింటు తీసి ఇవ్వండి, అత్తగారింటికి కూడా చూపించుకుంటుంది.

ఇంత చేసినా ఒకరిద్దరు వెళ్లిపోతారు. వెళ్లిపోయినవాళ్లకు ఆరు నెలల తర్వాత ఫోన్ చేసి ఎందుకు మానేశావో అడగండి, తిట్టడానికి కాదు. నేను చేశాను ఒకసారి, ఫీల్డ్ వర్క్ బాగా చేసిన ఆ నర్సమ్మాయికే. నంబరు పనిచేయలేదు, తిరువూరు లెక్చరర్‌గారిని అడిగితే కొత్త నంబరిచ్చారు. రెండు నెలలు ఫెలోషిప్ ఆగితే అడగడానికి మొహమాటపడి మళ్లీ నైట్ డ్యూటీల్లో చేరిపోయిందట. రిజిస్ట్రేషన్ ఇంకా రద్దు కాలేదని అప్పుడే ఆఫీసులో కనుక్కుని చెప్పాను, డ్యూటీ చార్ట్ చూసుకుని సోమవారం వస్తానంది.